కడిగిన చేప

శనివారం పొద్దున్నే మేడమెట్లు ఎక్కి వచ్చిన పెద్దావిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా ఒంటికి ఇంకా చేపల కంపు కొడుతోందమ్మా. రెండు రోజుల్నుంచి తోముకుంటున్నా వదలడం లేదు," అంది.

"నాకు వాసనలు తెలియవు. వచ్చి కూర్చోండి," అంది టీచరమ్మ.

అది మర్యాదకి అన్న మాట కాదు. టీచరమ్మ ఇరవై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పింది. ఒకనాడు ప్రయోగశాలలో సీసా పగిలి, ఆ ఘాటు ముక్కులో పడ్డప్పటి నుంచి ఆమెకు మల్లెపూవూ మురుక్కాలవా ఒకటే. ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకున్నాక, ఆ లోటు తీర్చుకోవడానికి కాంపౌండరును పక్కన చేర్చుకుంది. ఆసుపత్రి మందుల గదిలో తల నెరిసిన కాంపౌండరుకు ముక్కు మహా చురుకు. మూత తియ్యకుండానే సీసాలో ఏముందో చెప్పేస్తాడు. టీచరమ్మ బుర్ర అంటే ఆయనకు ఎంత గౌరవమో, ఆవిడ వెంట వెళ్ళాల్సిన చోట్లంటే అంత బెదురు.

పెద్దావిడ కూర్చుంది. ఆవిడ మెడ మీద ఎర్రటి దద్దుర్లు ఇంకా తగ్గలేదని కాంపౌండరు గమనించాడు. నిజంగానే చేపల వాసన వేస్తోంది. ఆయన మెల్లగా కిటికీ తెరిచాడు.

ఆవిడ గాజు ఫ్యాక్టరీ కార్మికుల హాస్టల్లో వంటమనిషి. అందరూ పెద్దక్క అంటారు. గురువారం మధ్యాహ్నం ఆవిడ వండిన చేపల కూర తిన్న నలభై మందిలో ముప్పై ఒక్కరికి అరగంట తిరక్కుండానే ముఖాలు కందగడ్డల్లా అయిపోయాయి. నోరు మంట, గుండె దడ, వాంతులు. మర్నాటికి అందరూ చాలావరకు కోలుకున్నారు, ఒక్క గేటు కాపలా తాత తప్ప. ఆయనది ముందే నీరసపు గుండె. సాయంత్రానికే పోయాడు.

"నేనూ తిన్నానమ్మా. నాకూ వచ్చింది. అయినా తప్పంతా నాదే అంటున్నారు," అంది పెద్దక్క. "బుధవారం రాత్రి చేపల మూట మొత్తం ఫ్రీజర్లోంచి తీసి, పొద్దుటిదాకా వంటగది బల్ల మీద వదిలేశానట. తెల్లారి సగం వండి, సగం మళ్ళీ లోపల పెట్టేశానట. సూపరింటెండెంటు గారు కళ్ళారా చూశారట! సోమవారం పోలీసులకి రాతపూర్వకంగా ఇస్తారు. తాత చావు నా నెత్తిన పడుతుంది."

"మీరు అసలేం చేశారు?"

"గురువారం పొద్దున ఎనిమిదింటికి స్టోర్ కీపరు తాళం తీస్తే సగం చేపలు తీసుకున్నాను. మూట మంచు పట్టి తెల్లగా ఉంది, చేపలు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. ఫ్రీజర్లో కాస్త నీచు వాసన వేసినా, అది ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. పంపు కింద కరిగించి వెంటనే వండేశాను."

"చేపలు ఎప్పుడొచ్చాయి?"

"ఆదివారం. నేనే పాత కిటికీ తెర ముక్కలో మూటగట్టి పెట్టాను. ముదురు నీలం తెర." పెద్దక్క మెడ గోక్కుంది. "తాత మొదటి ముద్దకే అన్నాడమ్మా, ఇవాళ కారం దంచి కొట్టావేమే అని. నేను ఎప్పుడూ వేసేంతే వేశాను. ముసలాడి నోటికి మరీ నాజూకు వచ్చిందని నవ్వాను."

ఆవిడ ఏడవలేదు. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి.

ఆ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు టీచరమ్మ దగ్గర చదువుకున్నవాడే. ఫోన్ చేస్తే కాదనలేదు. డాక్టరు రిపోర్టు చదివి వినిపించాడు కూడా. ఈ జాతి చేప చాలాసేపు వెచ్చగా ఉంటే దాని మాంసంలో ఒక విషం పుడుతుంది. అది నాలుకకు కారంలా తగులుతుంది. వండిన కూరలోనూ, ఫ్రీజర్లో మిగిలిన చేపల్లోనూ అదే దొరికింది.

"విషం ఏమిటో తేలిపోయింది," అంది టీచరమ్మ, చెప్పులు వేసుకుంటూ. "చేప ఎక్కడ వెచ్చబడిందన్నదే ప్రశ్న. పదండి కాంపౌండరు గారూ, మీ ముక్కుతో పనుంది."

"అదే నా భయం," అన్నాడు ఆయన.

*

హాస్టల్ గుమ్మంలో అడుగు పెట్టగానే కాంపౌండరుకు ఆశ్చర్యం వేసింది. వరండా గచ్చు అద్దంలా మెరుస్తోంది. గోడలకు కొత్తగా సున్నం వేశారు. ప్రతి తలుపు పక్కనా ఒక అట్ట వేలాడుతోంది: చేతులు కడుక్కోండి. గోళ్ళు కత్తిరించుకోండి. శుభ్రతే ఆరోగ్యం. కింద సూపరింటెండెంటు సంతకం.

ఆ సంతకందారు ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని మనిషి. కరచాలనానికి ముందూ తర్వాతా కూడా జేబులోని చిన్న సీసా తీసి చేతులకు రాసుకున్నాడు.

"మా దగ్గర ఇలాంటిది జరగడం నాకు తలవంపులండీ," అన్నాడు. "మంగళవారమే ఫ్యాక్టరీ పెద్దలు తనిఖీకి వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. సోమవారం యంత్రం అద్దెకు తెచ్చి గచ్చంతా నేనే దగ్గరుండి రుద్దించాను. ఆ వంటావిడకి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు."

"బుధవారం రాత్రి మూట చూశారుగా. ఎందుకు లోపల పెట్టించలేదు?"

"పొద్దున్నే వండుతుందేమో అనుకున్నాను."

"ఫ్రీజరు ఏమైనా ఆగిందా ఈ వారంలో?"

"ఆగడమా! ఒక్క నిమిషం కూడా ఆగలేదు. కరెంటూ పోలేదు. అది నేను ఎక్కడైనా చెబుతాను."

"గురువారం మీరు చేప తిన్నారా?"

"లేదు. కాస్త కడుపు బాగా లేదు. రొట్టె తెమ్మన్నాను."

టీచరమ్మ చూపు ఆయన నీలం యూనిఫాం ప్యాంటు మీద ఆగింది. మోకాళ్ళ కింద తెల్లటి చుక్కలు, పిడికెడు ముత్యాలు చల్లినట్టు.

"సున్నం," అన్నాడు సూపరింటెండెంటు, ఆమె అడక్కుండానే. "గోడల పని చూస్తుంటే పడింది. ఉతికించడానికి తీరిక దొరకలేదు."

స్టోర్ కీపరు స్టోరు గది ముందు ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒక బుగ్గ బూరెలా పొంగి ఉంది. మనిషి కళ్ళలోకి చూడడు, సగం మాట మింగేస్తాడు. కాంపౌండరుకు చూడగానే అనుమానం వేసింది.

"చేప నువ్వూ తినలేదటగా?" అడిగింది టీచరమ్మ.

"ఎలా తింటానండీ. పన్ను పీకించుకున్నాను." నోరు తెరిచి చూపించబోయాడు. కాంపౌండరు తల తిప్పుకున్నాడు. "సోమవారం పీకారు. బుధవారం దాకా ఇంట్లోనే పడి ఉన్నాను. గురువారం పొద్దున్నే వచ్చాను."

"ఆ మూడు రోజులూ తాళం చెవి?"

"సూపరింటెండెంటు గారికి ఇచ్చి వెళ్ళానండి. తనిఖీ కదా, గది కూడా తుడిపించాలన్నారు."

"మరి వంటకి సరుకులు?"

దూరంగా నిలబడ్డ పెద్దక్క జవాబు చెప్పింది. "ఆ మూడు రోజులూ కూరగాయలే వండమన్నారమ్మా. సరుకులు ఆయనే బయట పెట్టించారు. నేను గదిలో అడుగే పెట్టలేదు."

ఇన్‌స్పెక్టరు వచ్చి, గదికి పోలీసులు వేసిన సీలు తీశాడు. స్టోరు గదిలో ఓ మూల పెట్టెలాంటి ఫ్రీజరు గుర్రుమంటోంది. దాని తీగ గోడకున్న ఒకే ఒక పెద్ద ప్లగ్గులోకి వెళ్ళింది. మిగతా గదంతా ఒక బల్బు, అంతే. మూత ఎత్తగానే చల్లటి పొగ లేచింది. దాని వెనకే వచ్చిన వాసనకు కాంపౌండరు రెండడుగులు వెనక్కి వేశాడు. కుళ్ళు, తుప్పు, బురద, అన్నీ కలిసి ఎవరో తడిగుడ్డతో ముఖం మీద కొట్టినట్టుంది.

"చెప్పండి," అంది టీచరమ్మ నిర్దయగా.

"చేప. కుళ్ళిన చేప. దాని కింద..." మళ్ళీ ముక్కు దగ్గరకు తీసుకెళ్ళడానికి ఆయన కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. "దాని కింద ఇంకోటుంది. ఆసుపత్రిలో నేల కడిగాక వచ్చే వాసన. బ్లీచింగు పౌడరు."

"గోడలు చూడండి."

ఫ్రీజరు లోపలి గోడలు నున్నగా మెరుస్తున్నాయి. పాత ఫ్రీజర్లకు ఎప్పుడూ బొటనవేలు మందాన పట్టి ఉండే మంచు, దీనికి పల్చని పొరలా మాత్రమే ఉంది. అడుగున మాత్రం రెండు వేళ్ళ మందం గడ్డ, లేత గులాబీ రంగులో. ఆ గడ్డలో సగం కూరుకుపోయి ఒక ప్లాస్టిక్ సంచీ. సంచీ మీద ఐసు ముక్కల బొమ్మ. లోపల మాత్రం ముక్కల్లేవు. మొత్తం ఒకటే పలక.

"ఇదెవరిది?"

"నాదేనండి," అన్నాడు స్టోర్ కీపరు. "ఆదివారం బుగ్గకి పెట్టుకుందామని తెచ్చాను. గుప్పెడు తీసుకుని మిగతాది అందులోనే పడేశాను."

"ఆదివారం ముక్కలు విడివిడిగా ఉన్నాయా?"

"గోళీల్లా గలగలమన్నాయండి. గురువారం చూస్తే ఇలా అతుక్కుపోయింది. ఐసు ఐసే కదా అని పట్టించుకోలేదు."

టీచరమ్మ మిగిలిన చేపల మూటను చేతి తొడుగులతో ఎత్తి పళ్ళెంలో పెట్టింది. పైన గుడ్డంతా తెల్లగా ఉంది.

"మంచు పేరుకుంది," అన్నాడు కాంపౌండరు.

"అయితే కరగనిద్దాం."

గంటసేపు కూర్చున్నారు. ఆ గంట తన ఆయుష్షులో పదేళ్ళు తినేసిందని కాంపౌండరు తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. గుడ్డ మీది మంచు కరిగి, పళ్ళెంలోకి పల్చటి నెత్తుటి నీరు జారింది. కానీ గుడ్డ నీలంగా మారలేదు. అక్కడక్కడ నీలం మచ్చలు మిగిలిన తెల్లటి పేలికలా వేలాడింది. విప్పితే చేపల కళ్ళు పాలిపోయి ఉన్నాయి, తోలు వేలికి జారిపోతోంది. కాంపౌండరు పరుగున బయటికి వెళ్ళి మెరిసే వరండా చివర వాంతి చేసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి టీచరమ్మ పెద్దక్కతో అంటోంది: "రేపు మధ్యాహ్నం అందర్నీ భోజనాల హాల్లో కూర్చోబెట్టండి. తాత భార్యను కూడా పిలవండి. ఆవిడకి వినే హక్కుంది."

*

ఆదివారం హాల్లో బల్లలన్నీ నిండాయి గానీ ఒక్క కంచం కూడా లేదు. గురువారం నుంచి కార్మికులెవరూ హాస్టల్ వంట ముట్టలేదు. బయట నుంచి తెచ్చుకుని తింటున్నారు. పెద్దక్క వంటగది గుమ్మంలో నిలబడింది. ముందు బల్ల దగ్గర తాత భార్య, బక్కపల్చని ముసలావిడ, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. సూపరింటెండెంటు కుర్చీని రుమాలుతో తుడిచి మరీ కూర్చున్నాడు. ఆయన పక్కనే ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు.

టీచరమ్మ సంచీలోని ఐసు పలకను, నీలం మచ్చల గుడ్డను బల్ల మీద పెట్టింది.

"మీలో చాలామంది గాజు పనివాళ్ళు. గాజు వేడికి కరుగుతుంది, చల్లారితే మళ్ళీ గాజే. ఎన్నిసార్లు చేసినా పదార్థం మారదు. మంచూ అంతే. నీరవుతుంది, మళ్ళీ మంచవుతుంది. అది భౌతికమైన మార్పు, వెనక్కి తిప్పుకోవచ్చు. కానీ మంచుకి పాత ఆకారం గుర్తుండదు. ఆదివారం గోళీల్లా ఉన్న ముక్కలు గురువారానికి పలకయ్యాయంటే, మధ్యలో ఒకసారి అంతా నీరై మళ్ళీ గడ్డకట్టింది. ఇది ఫ్రీజరు అడుగున గడ్డలో కూరుకుపోయి ఉంది. గోడల మీది పాత మంచు మొత్తం కరిగి అడుక్కి చేరింది. అంటే మూట బయటికి రాలేదు. ఫ్రీజరే ఆగిపోయింది."

హాల్లో గుసగుసలు లేచాయి. "ఒక్క నిమిషం కూడా ఆగలేదని నాతో చెప్పింది మీరు," అంది టీచరమ్మ సూపరింటెండెంటుతో.

"నాకు తెలియకుండా ఆగిందేమో. యంత్రం కదా."

"తెలియకుండా ఆగి, తెలియకుండా నడిచిందా? స్టోరు గదిలో పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉంది. సోమవారం గచ్చు రుద్దే యంత్రానికి తీగ ఎక్కడ తగిలించారు?"

సూపరింటెండెంటు రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆయన బదులు వెనక బల్ల నుంచి ఒక కార్మికుడు లేచాడు. "స్టోరు గదిలోంచే వచ్చిందండి. ఆ తీగ తట్టుకుని నేను బోర్లా పడ్డాను."

"ఫ్రీజరు ప్లగ్గు పీకి యంత్రం పెట్టారు. తనిఖీ హడావిడిలో మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. అంతవరకూ పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. బుధవారం మూత తీసి చూశారు. చేపలు నీళ్ళలో తేలుతున్నాయి, కంపు కొడుతున్నాయి. అప్పుడు ఏం చేశారు?"

"ఇవన్నీ ఊహలు. తాళం చెవి ఉన్నంత మాత్రాన..."

టీచరమ్మ గుడ్డ ఎత్తింది. "పెద్దక్క ఆదివారం మూటగట్టినప్పుడు ఇది ముదురు నీలం. నిన్న తీస్తే తెల్లగా ఉంది. మంచనుకున్నాం. మంచు కరిగింది గానీ తెలుపు పోలేదు. ఎందుకంటే ఇది పైన పట్టిన తెలుపు కాదు. బ్లీచింగు పౌడరు నీళ్ళు రంగునే తినేశాయి. అది రసాయనిక మార్పు. ఆ నీలం ఇక రాదు. తాళం వేసిన గదిలో, తాళం వేసిన రోజుల్లో, ఎవరో ఈ చేపల్ని గుడ్డతో సహా బ్లీచింగు నీళ్ళలో కడిగారు. మీ ప్యాంటు మీద సున్నం అన్నారు కదా. కాంపౌండరు గారూ, ఆ తడిగుడ్డ ఇవ్వండి. సున్నమైతే తుడిస్తే పోతుంది."

కాంపౌండరు తడిగుడ్డ అందించాడు. సూపరింటెండెంటు తీసుకోలేదు. ఇన్‌స్పెక్టరే వంగి ఒక చుక్కను గట్టిగా రుద్దాడు. ఇంకోటి రుద్దాడు. గుడ్డకు ఏమీ అంటలేదు. చుక్కలు అలాగే ఉన్నాయి.

"అది నేల కడిగినప్పుడు పడి ఉంటుంది," అన్నాడు సూపరింటెండెంటు.

"మరి నిన్న సున్నమని ఎందుకన్నారు? అడక్కుండానే?"

ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. ఉన్నట్టుండి ఆయనలో ఏదో తెగింది. "పారేస్తే ఏమనేవారు? ముందు రోజే నన్ను మెచ్చుకుని వెళ్ళారు! శుభ్రంగా కడిగాను. మూడు నీళ్ళు మార్చాను. నా చేతులతో, ఆ జిగురు, ఆ కంపు... వాసన పూర్తిగా పోయాకే గడ్డకట్టించాను. ఎప్పటిలా అయిపోయింది! రాయిలా ఉందని ఆవిడే అంది కదా!"

"వాసన పోయింది. విషం పోలేదు," అంది టీచరమ్మ. ఆవిడ గొంతు పెరగలేదు గానీ, కాంపౌండరు ఎన్నడూ వినని కరుకుదనం అందులో వినిపించింది. "నీళ్ళు గడ్డకట్టినట్టు కుళ్ళు వెనక్కి తిరగదు. ఆ మాంసం మారిపోయింది. చల్లబెట్టినా ఉడకబెట్టినా అది ఇక పాత చేప కాదు. ఆ సంగతి మీకు తెలియదని నేను నమ్మను. తెలియకపోతే ఆ రోజు రొట్టె ఎందుకు తెమ్మన్నారు?"

పెద్దక్క గుమ్మంలోంచి ముందుకొచ్చింది. ఆవిడ ముఖంలో కోపం కన్నా అసహ్యమే ఎక్కువగా కనిపించింది, తను వండిన గిన్నెలో పురుగు చూసినట్టు. "ఇదే హాల్లో తిరిగారు కదయ్యా మీరు. రొట్టె ముక్క చేత్తో పట్టుకుని బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి, బాగా తినండి బాగా తినండి అన్నారు. తాతకి రెండోసారి వడ్డించమని నాతో చెప్పింది మీరు కాదూ!"

వెనక నుంచి ఎవరో థూ అని ఉమ్మేశారు, ఆ అద్దంలాంటి గచ్చు మీద. ఇంకొకరు. మరొకరు. ఎవరూ కేకలు వెయ్యలేదు, చెయ్యి చేసుకోలేదు. సూపరింటెండెంటు కాళ్ళు దగ్గరికి లాక్కుని, అలవాటు చొప్పున జేబులోంచి సీసా తీసి చేతులకు రాసుకోవడం మొదలుపెట్టాడు. రాసుకుంటూనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ సీసా లాక్కుని బల్ల మీద పెట్టి, ఆయన భుజం పట్టుకుని లేపాడు. గుమ్మం దాటేవరకూ ఆయనకు దారి ఇవ్వడానికి మనుషులు పక్కకు జరిగారు, తగిలితే అంటుకుంటుందేమో అన్నట్టు.

కాంపౌండరు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఫ్రీజరు మూత ఎత్తినప్పటి వాసన కంటే ఇప్పుడే ఆయనకు ఎక్కువ వికారంగా ఉంది. దీనికి కిటికీ తెరిచినా లాభం లేదు.

"ఇక లేవండి," అంది టీచరమ్మ. "మన పని అయింది."

కానీ ఎవరూ లేవలేదు. పెద్దక్క హాలు మధ్యలో నిలబడి ఉంది. తప్పు తనది కాదని తేలింది. అయినా ఆవిడ కళ్ళు ఖాళీ బల్లల మీదే తిరుగుతున్నాయి. పొయ్యి మీద అన్నం ఉంది, కూరగాయల కూర ఉంది. పొద్దున్నే వండి పెట్టుకుంది, ఎవరూ తినరని తెలిసి కూడా. వడ్డిస్తానని అనడానికి ఆవిడకు నోరు రాలేదు. పెట్టమని అడగడానికి కార్మికులకూ రాలేదు.

తాత భార్య మెల్లగా లేచింది. వంటగదిలోకి వెళ్ళి ఒక కంచం తెచ్చుకుని పెద్దక్క ముందు నిలబడింది.

"ఆయన పోయినప్పటి నుంచి నేను పొయ్యి వెలిగించలేదే," అంది. "ఆకలేస్తోంది. పెట్టు."

పెద్దక్క గరిటె తీసుకుని వడ్డించింది. ముసలావిడ అక్కడే, అందరూ చూస్తుండగా, నిలబడే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. మింగింది. రెండో ముద్ద కలిపింది.

వెనక బల్లల దగ్గర కుర్చీలు జరిగాయి. ఒక్కొక్కరే కంచాల కోసం లేచారు.